మినాసె తీసిన వీడియో

మర్నాటి మ్యాచ్ ఓడితే ఫుట్‌బాల్ క్లబ్బు కింది డివిజన్‌కి పడిపోతుంది. ఆడేవాళ్ళ జాబితా గోడకి అంటించారు. గోల్‌కీపర్ అన్నచోట మినాసె పేరు లేదు. రెండేళ్ళలో ఇదే మొదటిసారి.

ఒగిసో అని ఉంది. ఒగిసోకి ముప్ఫై ఏడేళ్ళు, జుట్టు పల్చబడింది. ఈ రెండేళ్ళూ బెంచీ మీదే కూర్చున్నాడు.

మినాసె నేరుగా తెరుయా దగ్గరికి వెళ్ళాడు. క్లబ్బులో గోల్‌కీపర్లకి ఆయనే గురువు. మైదానం పక్కన కూర్చుని బంతులకి గాలి కొడుతున్నాడు.

“నా తప్పేమిటి గురువుగారూ?”

“ఈ బంతి కాస్త పట్టుకో.”

పట్టుకున్నాడు. “పోయిన నెల నేను ఎగిరి ఆపిన బంతి వీడియో నలభై లక్షల మంది చూశారు. బ్రెజిల్లో కూడా చూస్తున్నారట.”

“ఆ మ్యాచ్‌లో మన మీద ఎన్ని గోల్స్ పడ్డాయి?”

“మూడు.”

“అవి కూడా చూశారా బ్రెజిల్లో?”

మినాసె కంచెవైపు తల తిప్పాడు. కంచె అవతల నలుగురమ్మాయిలు అతని పేరు రాసిన గుడ్డ పట్టుకుని, ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు.

తెరుయా లేచాడు. “ఒగిసోకి ముప్ఫై బంతులు కొడతాను. నువ్వు వీడియో తియ్యి. అందులో అన్నిటికన్నా గొప్పగా ఆపింది ఒక్కటి చూపించు. చూపిస్తే రేపు నువ్వే ఆడతావు.”

ఇంతేనా అనుకున్నాడు మినాసె. గోల్ పక్కన నిలబడి ముప్ఫై బంతులూ తీశాడు. రెండు లోపలికి పోయాయి. మిగతావి ఒగిసో చేతుల్లోకి, గుండెల మీదికి వచ్చి ఆగాయి. ఐదో బంతికే కంచె అవతలి అమ్మాయిలు ఫోన్లు దించేసి, తెచ్చుకున్న బన్నులు తినడం మొదలుపెట్టారు.

మినాసె వీడియో మొదట్నుంచీ చివరిదాకా చూశాడు.

“ఇందులో చూపించడానికి ఏముంది? ఒక్కసారైనా ఎగరలేదు. బంతులన్నీ మీరు ఆయన మీదికే కొట్టారు!”

“మూలలకే కొట్టాను. మళ్ళీ చూడు.”

ఈసారి మినాసె బంతిని వదిలేసి ఒగిసో కాళ్ళు చూశాడు. గురువుగారి కాలు బంతికి తగలకముందే ఆ కాళ్ళు కదులుతున్నాయి. ఒకసారి అర అడుగు, ఒకసారి రెండడుగులు. బంతి వచ్చేసరికి ఒగిసో పొద్దుట్నుంచీ అక్కడే ఉన్నవాడిలా నిలబడి ఉన్నాడు.

మినాసె తన వీడియో తెరిచాడు. అది అతను గాల్లోకి లేవడంతోనే మొదలవుతుంది. అంతకుముందు తానెక్కడ నిలబడ్డాడో అందులో లేదు. అతనికి గుర్తుంది. నిలబడాల్సిన చోటుకి ఒక అడుగు ఎడంగా. ఎగరడం కోసం, కావాలనే.

“దొరికిందా?” అన్నాడు తెరుయా, బంతులు వలసంచిలో వేస్తూ.

మినాసె ఫోను జేబులో పెట్టేశాడు.

ఆ క్లబ్బులో మ్యాచ్‌కి ముందురోజు, ఆడబోయేవాడి గ్లవుజులు బెంచీ మీద కూర్చునేవాడు కడుగుతాడు. కుళాయి దగ్గర ఒగిసో తన గ్లవుజులు గట్టు మీద పెట్టి, అలవాటుకొద్దీ చెయ్యి చాచాడు.

“నీవి ఇటు పడెయ్యి, ఎండ పోతోంది.”

మినాసె గట్టు మీదివి తీసి బకెట్లో ముంచాడు.

“ఏయ్, అవి నావి!”

“సబ్బు ఎక్కడ పెడతారు ఒగిసో గారూ?” అన్నాడు మినాసె.