చివరి బురుజు కింద కాపురం

వరద కబురు ఊరూరికీ అందాలని ఒక రాజ్యంలో ప్రజల పన్నులతో నగారా బురుజులు కట్టించారు. ఒక బురుజు మీద మోగితే, విని పక్క బురుజువాడు మోగించాలి. వాటి అజమాయిషీ తిప్పరుసయ్యది. ఆయన ఏటేటా కోట పక్క బురుజెక్కి, అవతలి బురుజు మోత చెవిన పడగానే అంతా భేషని రాజుకు విన్నవించేవాడు.

చిట్టచివరి ఊరు ఏటిగడ్డ. ఆ ఏడు చెప్పాపెట్టకుండా వచ్చిన వరద అక్కడి గొర్రెలకాపరి బయ్యమ్మ మందనంతా ఊడ్చుకుపోయింది. కడుపు మండి ఆమె రాజుగారి కొలువుకొచ్చింది.

"మా బురుజు మీద నగారాయే లేదు మహారాజా."

"ఉంది ప్రభూ, మోగింది కూడా. ఈ జనానికే చెవుడు," అన్నాడు తిప్పరుసయ్య.

పోయిన మందకన్నా ఆ మాటే బయ్యమ్మను ఎక్కువ కాల్చింది. అయినా గొంతు పెంచలేదు.

"చెవుడే అనుకుందాం. చెవులు బాగున్న అయ్యగారిని ఈ వానాకాలం పెళ్లాంబిడ్డలతో మా ఊళ్లో ఉంచండి. ఏటి ఒడ్డున నా గుడిసె ఖాళీ చేసిస్తాను. నగారా విని ఆయనే మమ్మల్ని లేపుతారు."

"సబబే. రేపే బయలుదేరు తిప్పరుసయ్యా," అన్నాడు రాజు.

తిప్పరుసయ్య గబుక్కున ముందుకొచ్చాడు. "ప్రభూ, ముందు అక్కడికి ఒక నగారా పంపించి..."

"మరి మొన్న మోగిందేమిటి అయ్యగారూ?" అంది బయ్యమ్మ.

నగారా వెళ్లింది. తిప్పరుసయ్య కాపురమూ వెళ్లింది. అజమాయిషీ చేసేవాడు చివరి బురుజు కిందే ఉండాలని రాజు శాసనం వేయించాడు. ఆ తర్వాత ఏటిగడ్డకు కబురు లేకుండా వరద రాలేదు.