సగం తట్ట దేముడమ్మ

అనగనగా, మీ తాతల తాతలకు కూడా తెలియనంత అనగనగా, సముద్రం పక్కన ఇసుక మీద ఒక చేపల పల్లె ఉండేది. ఏటా చలికాలంలో అక్కడ మూడు రోజులు గాలి వీచేది. ఇసుక కొట్టుకొచ్చి గుమ్మాలు మూసేసేది. తన వాకిలి నుంచి పడవల దాకా ఎవరు ముందు దారి తీస్తే, మొదటి చేప వాళ్ల చేతిలో పెట్టేవారు.

ఏటా ఆ చేప ఎర్రయ్యదే. పారతో తట్టలో ఇసుక గోపురంలా నింపి, ఒక్క ఊపున నెత్తికెత్తి పరుగెత్తేవాడు.

పక్కింటి ముసలామె దేముడమ్మకి ఎవరూ లేరు. ఆమె సగం తట్టే నింపేది. మోకాళ్లు వంచి లేపేది. మూడు తట్టలు దూరంగా పోసొచ్చి, ఒకసారి కూర్చునేది.

“చేప కోసమా అప్పా, చేప ముల్లు కోసమా?” అని ఎర్రయ్య ఆ అక్క నిదానం చూసి నవ్వేవాడు.

ఒక ఏడు మూడో రోజుకి ఎర్రయ్య నడుము పట్టేసింది. చేప దేముడమ్మకి దక్కింది. ఆ కూర వాసన గోడ దాటి వస్తుంటే అతనికి ముద్ద దిగలేదు. మరుసటి ఏడూ ఆమెకే. ఎర్రయ్య కడుపు మండిపోయింది.

మూడో ఏడు, “ఈసారి కూకుంటే ఒట్టు!” అన్నాడు. తొందరలో తీసిన ఇసుకంతా తన గోడ పక్కనే గుట్ట పోశాడు. మూడో రోజు గోపురం తట్ట ఎత్తుతూ నడుము మెలితిప్పి కుప్పకూలాడు. గాలికి గుట్ట జారి గుమ్మం పూడిపోయింది. లోపల అతని తల్లి ఉంది.

ఆ గాలిలో అతని కేక దేముడమ్మకి ఒక్కదానికే వినబడింది. పడవలకు పది తట్టల దూరంలో తన దారి వదిలేసి వచ్చింది. సగం తట్ట, వంచిన మోకాళ్లు, మూడు తట్టలు. కూర్చుంది.

“లోపల మా అమ్మ! కూకుంటావేటి అప్పా?”

“నానూ పడిపోతే మీ అమ్మని ఎవులు తీత్తారు తమ్ముడా?”

మళ్లీ సగం తట్ట, మళ్లీ వంచిన మోకాళ్లు, మళ్లీ మూడు తట్టలు. పొద్దు వాలేలోపు తలుపు తెరుచుకుంది. తల్లి దగ్గుతూ వచ్చి దేముడమ్మని కావలించుకుంది. తల్లి బతికినందుకు ఎర్రయ్య ఏడ్చాడు. ముందు తనను కావలించుకోనందుకూ ఏడ్చాడు.

కొన్నేళ్లకి దేముడమ్మ పోయింది. ఊరంతా ఏడ్చింది. ‘నాను పోతే ఇంతమంది ఏడుత్తారా?’ అని ఎర్రయ్య అప్పుడూ కుళ్లుకున్నాడు. ఆ చలికాలం గాలి వచ్చింది. మూడో సగం తట్ట పోసొచ్చి అతను ఇసుకలో కూర్చున్నాడు. “ఇది దేముడమ్మకి” అన్నాడు.

ఇప్పటికీ ఆ పల్లెలో మూడు సగం తట్టలు మోసి కూర్చుంటారు. “ఇది దేముడమ్మకి” అంటారు. ఆ మాట మొదట అన్నది ఎర్రయ్య అని మాత్రం ఎవరికీ గుర్తు లేదు. తెలిస్తే ఎంత కుళ్లుకునేవాడో పాపం!