మట్టి తీసేసిన గుంత

ఫణీంద్రకు మూడు రోజులుగా అన్నం సహించడం లేదు. ఆర్నెల్లు కష్టపడి రాసిన ప్రోగ్రాం సిద్ధంగా ఉంది. పైఅధికారి ఇస్మాయిల్ మాస్టారు ఒక్క సంతకం పెడితే అది చంద్రుడి మీదికి వెళ్లే వ్యోమనౌకలోకి ఎక్కుతుంది. ఆయనేమో ఆ అనుమతి కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తీరిగ్గా టీ తాగుతూ తిరుగుతున్నారు.

చంద్రుడి మీద దిగే నౌకకు పక్కన ఎవరూ ఉండరు. ఇక్కడి నుంచి మనం చూసి జాగ్రత్త చెప్పేలోపు అది కాస్తా నేలను తాకేస్తుంది. గుంత ఎక్కడుందో, చదును ఎక్కడుందో తన కెమెరాతో తనే చూసుకోవాలి. ఆ చూపు నేర్పడమే ఫణీంద్ర పని. అందుకోసం అనంతపురం అవతల బీడులో రాతిపొడి పరిచి, నలభై గుంతలు తవ్వించారు. వాటి మీద డ్రోన్ ఎగరేసి తీసిన ఫొటోలతోనే ప్రోగ్రాంకు పాఠం చెప్పాడు. ఇంతవరకూ అది ఒక్కసారి కూడా తప్పలేదు.

"ఇంకా ఏం అనుమానం మాస్టారూ?" అని ఆ సాయంత్రం ఉండబట్టలేక అడిగేశాడు. "నా కళ్ల కంటే దాని చూపే నాకు నమ్మకం. మనిషి చెయ్యి పెట్టక్కర్లేదు."

"అట్లనా? రేపు పొద్దున ఎనిమిదికి ఎగరెయ్యి," అన్నారాయన.

ఎనిమిదైనా మాస్టారి జాడ లేదు. ఈయనకు నా పనంటే వేళాకోళం అయిపోయిందని విసుక్కుంటూ ఫణీంద్ర డ్రోన్ వదిలాడు. అది బీడంతా చుట్టొచ్చి ఒక మూలన చదును నేల ఎంచుకుంది. తెర మీద పచ్చటి గుర్తు పడింది. నాలుగు రెక్కలూ గిర్రున తిరుగుతూ డ్రోన్ కిందికి దిగుతుంటే ఫణీంద్ర మురిసిపోయాడు.

అంతలో, ఆ గుంతలు తవ్విన గురవమ్మ చేతిలో తట్ట పడేసి పరిగెత్తుకొచ్చింది.

"ఆపు నాయనా. ఆ గుంతలో సార్ కూర్చోనుండాడు."

ఫణీంద్ర చప్పున ఎర్ర బటన్ నొక్కేశాడు. డ్రోన్ గాలిలోనే నిలిచింది. దాన్ని పక్కకు దించి పరుగెత్తాడు.

నిజంగానే అది గుంత. నడుము లోతు ఉంది. అడుగున బూడిదరంగు దుప్పటి కప్పుకుని, మోకాళ్లు ముడుచుకుని మాస్టారు కూర్చున్నారు. ఇంకో క్షణం ఆగితే ఆ రెక్కలు ఆయన నెత్తి మీదికి దిగేవి.

"ఇది గుంతే కదా. చదునని ఎట్లా చెప్పింది?" అన్నాడు ఫణీంద్ర.

"ఏమో నాయనా. తెల్లారగానే ఈ గట్టునున్న మట్టంతా నాచేత ఎత్తి దూరంగా పోయించినాడు సార్," అంది గురవమ్మ.

ఫణీంద్ర తలెత్తి చూశాడు. మిగతా ముప్పై తొమ్మిది గుంతల పక్కనా తవ్విపోసిన మట్టి కుప్పలున్నాయి. తన ప్రోగ్రాం ఏనాడూ గుంతను చూడలేదు. ఆర్నెల్లుగా అది చూస్తున్నది కుప్పలను. చంద్రుడి మీద తట్టతో మట్టి ఎత్తి గట్టున పోసే గురవమ్మలెవరూ లేరు.

మాస్టారు దుమ్ము దులుపుకుని లేచారు. ఫణీంద్ర చెయ్యి అందించాడు.

"మనిషి చెయ్యి పెట్టక్కర్లేదన్నావు. మరి బటన్ ఎందుకు నొక్కావు?"

"లోపల మీరున్నారు మాస్టారూ."

ఇస్మాయిల్ మాస్టారు జేబులోంచి సంతకం లేని కాగితం తీసి అతని చేతిలో పెట్టారు.

"చంద్రుడి మీద కూడా నేనున్నాననుకో."