నాలుగింటి కుర్చీ

మొదట నా లెక్కలో ఎనభై మంది ఉన్నారు. ఎనభై మందికీ నిద్ర పట్టదు.

అందులో నలభై మందిని మా క్లినిక్కులో యాకూబ్ సార్ తన గదిలో ఎదురుగా కూర్చోబెట్టుకుని చూశారు. తక్కిన నలభై మందికి నేను తయారుచేసిన పాఠాలు ఫోన్లో వెళ్ళాయి. ఆరు వారాలు. మాత్రలు లేవు. రెండు చోట్లా ఒకటే పద్ధతి: నిద్ర ముంచుకొస్తేనే పడుకోవాలి, ఇరవై నిమిషాలైనా పట్టకపోతే లేచి ఇంకో గదిలోకి వెళ్ళాలి, ఎప్పుడు పడుకున్నా పొద్దున ఒకే వేళకు లేవాలి.

పక్క మీద గడిపిన ప్రతి వంద నిమిషాల్లో నిజంగా నిద్రపోయింది ఎన్ని అన్నది మా కొలత. మొదట్లో రెండు వైపులా సగటు అరవై ఆరు. చివరికి సార్ దగ్గరికి వచ్చినవాళ్ళది ఎనభై మూడు. నావాళ్ళది ఎనభై ఆరు.

మూడు ఎక్కువ!

సిరిసిల్లలో మా క్లినిక్కును నడిపే ట్రస్టు శుక్రవారం సమావేశమవుతుంది. సార్ గది ఉంచాలా, ఫోను ఒక్కటే చాలా అన్నది తేలుస్తుంది. నా కాగితం మీద సార్ సంతకం ఉంటే చాలు, గది పోతుంది. రెండేళ్ళుగా నేను పని నేర్చుకున్నది ఆ గదిలోనే. అయినా కాగితం పట్టుకుని పరుగున వెళ్ళాను.

గురువారం, సాయంత్రం నాలుగు దాటింది. సార్ తన కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఎదుటి కుర్చీ ఖాళీ.

"సార్, ఒక్క సంతకం."

"నాలుగూ యాభై దాక మల్లేశం టైమిది."

"మల్లేశం రాడు సార్. మూడు వారాలాయె."

"ఈ వారం సంగతి ఇంక తెల్వదు గద. బయట కూసో, ప్రణీత్."

బయట బెంచీ మీద కూర్చున్నాను. ఊడుస్తున్న భూదమ్మ నన్ను చూసి నవ్వింది.

"ఏం బిడ్డా, నిన్ను గూడ ఎల్లగొట్టిండా? సార్ గా కుర్సీకి వైద్యం జేస్తున్నడు. మనుషుల సంగతేమో గని, కుర్సీ మాత్రం మంచిగ నిద్రపోతది."

నేనూ నవ్వాను. రానివాళ్ళ కోసం సార్ ఇలా వారానికి రెండు గంటలు కూర్చుంటారు. ఏడాదికి వందకు పైనే. ఆ వంద గంటల్లో ఇంకెంతమందిని చూడొచ్చో మనసులోనే కట్టాను. ఒక్కొక్కరికి ఆరు గంటల చొప్పున పదిహేడు మందిని.

నాలుగూ యాభైకి సార్ మల్లేశానికి ఫోను చేయడం వినిపించింది. ఎత్తలేదు. "రేపు మల్ల జేస్త" అని తనలో తాను అనుకుని, నన్ను పిలిచారు.

కాగితం నెమ్మదిగా చదివారు.

"నీ దిక్కు ఎంతమంది మొదలువెట్టిన్రు?"

"నలభై సార్."

"ఈ ఎనభై ఆరు ఎంతమందిది?"

"ఇరవై ముగ్గురిది. తక్కినవాళ్ళు మధ్యలో ఆపేశారు. పూర్తి చేసినవాళ్ళనే లెక్కలోకి తీసుకున్నాను."

"నా దిక్కు గూడ నలుగురు ఆపిన్రు. మల్లేశంతోని కలిపి."

"అవును సార్."

"వాళ్ళను తీసేసినవా?"



తీసేయలేదు; వాళ్ళ మొదటి అంకెతోనే ఉంచాను. తీసేస్తే సార్‌ది ఎనభై అయిదు, తేడా ఒక్కటే. నా పదిహేడు మందినీ అలాగే ఉంచితే నాది డెబ్బై ఏడున్నర. ఈ లెక్కలన్నీ సోమవారమే కట్టాను. నేను ఎక్కువ తేడాతో గెలిచినట్టు కనబడే లెక్కనే టైపు చేశాను.

సార్ కోప్పడతారనుకున్నాను. కోప్పడితే బాగుండేది.

"ఆ పదిహేడు మంది ఆఖర్న ఏమన్నరో సదువు."

ల్యాప్‌టాప్ తెరిచాను. "మూడో నంబరు, ఏమీ రాయలేదు. ఎనిమిదో నంబరు..."

"పేర్లు లేవా వాళ్ళకు?"

పేర్లతో చదవడం మొదలుపెట్టాను. నాలుగు పేర్లు అయ్యాయి. నలుగురూ ఏమీ చెప్పకుండానే ఆగిపోయారు. అయిదో పేరు గాజుల స్వరూప. బీడీలు చుడుతుంది. ఆమె రాసింది.

"సార్ మాకు ఒక్కటే రూము. అత్తమ్మ, పిల్లలు, అందరం అండ్లనే పంటం. లేసి యాడికి పోవాలె?"

దాని కింద జవాబు ఉంది. దానంతటదే వెళ్ళే జవాబు. మాటలు నేను రాసినవే.

"శభాష్! మీరు మూడో పాఠం పూర్తి చేశారు."

పక్కన రెండు చప్పట్ల బొమ్మలు.

ఇంకో రెండు రోజులకు ఆమె మళ్ళీ రాసింది. "సార్ జెర చెప్పుండ్రి."

కిందనే నా జవాబు. "శభాష్! మీరు వరుసగా మూడు రోజులు వచ్చారు."

ఆ తర్వాత ఏమీ లేదు.

రెండో శభాష్ కూడా పైకే చదివాను. గుమ్మంలో చీపురు పట్టుకున్న భూదమ్మ తల లోపలికి పెట్టింది.

"గా శభాష్ ఎవలకు సార్?"

ఆమె నా ముఖం చూసి వెళ్ళిపోయింది.

సార్ ప్రతి మనిషినీ మొదట అడిగే మాట నాకు గుర్తొచ్చింది. "మీ ఇంట్ల రూములెన్ని?" తర్వాత, పక్కన ఎవరు పడుకుంటారు, మరమగ్గాల సాంచెలు ఎప్పుడు ఆగుతాయి, పొద్దున నీళ్ళు ఎన్నింటికి వస్తాయి. అన్నీ పక్కనే కూర్చుని రాసుకున్నాను. పాఠాలు చేసేటప్పుడు అవన్నీ లోకాభిరామాయణమని కోసేశాను. ఒక్కొక్కరికి ఆరు నిమిషాలు మిగిలాయని సార్‌కు గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఆ రోజు ఆయన "మంచిది" అని ఊరుకున్నారు.

"సార్, ఈ ఫోను పద్ధతే ఆపేద్దాం" అన్నాను.

"ఫోను ఏం జేసింది? ఇరవై ముగ్గురు కంటినిండ పంటున్రు. వాళ్ళల్ల సగం మంది నా గడప దాక రాలేరు."

సంతకం లేకుండానే కాగితం నా ముందుకు జరిపారు. లేచి తన కుర్చీని నా వైపు తిప్పారు. టిఫిన్ డబ్బా, గొడుగు తీసుకున్నారు.

"మల్లేశం గంట అయిపోయింది. ఇగ స్వరూపది నడుస్తున్నది."

మెట్లు దిగుతున్న చప్పుడు వినబడింది. ఆయన కుర్చీలో కూర్చోవడానికి నాకు కొంచెం సేపు పట్టింది. ఎదుటి కుర్చీ ఖాళీగానే ఉంది. సీటు మీద రెక్సిన్ చినిగిన చోట ఎవరో వేలితో దూది లాగిన గుర్తు. రెండేళ్ళలో ఇటువైపు నుంచి ఆ కుర్చీని నేను చూడనే లేదు.

ఎనభై ఆరును కొట్టేసి, పెన్నుతో డెబ్బై ఏడున్నర అని రాశాను. కాగితం తిరగేసి పదిహేడు పేర్లు రాశాను. స్వరూప పేరు పక్కన ఆమె నంబరు రాసి, ఫోను చేతిలోకి తీసుకున్నాను.