వేలిధారలో వంగని రాయి

పూర్వం ఎర్రగట్టు సీమను రాచప్పనాయుడనే పాలెగాడు ఏలుతుండేవాడు. ఎవరి ఎదుటా తల వంచి ఎరుగని ఆ దొర, కొండ దిగి పల్లానికి పారే వాగును తన కోట కింద నిలబెట్టాలని సంకల్పించి, అడ్డంగా రాతిగోడ కట్టించాడు. కట్టిన రాతిపనివాడు, కాసె ఓబన్నకు, చీమ దూరే సందు లేకుండా గచ్చు పూసి చుక్క నీరు చొరని గోడ లేపడమే విద్య. ఆ గోడ మూడుసార్లు, చప్పుడైనా లేకుండా, కూలిపోయింది. నాలుగోసారీ కూలితే ఓబన్ననే లోపల నిలబెట్టి గోడ కట్టిస్తానని దొర ఆన పెట్టాడు.

ఓబన్న భార్య లింగాలు ఏడుస్తూ కూర్చోలేదు. పిట్టైనా పలకని మిట్టమధ్యాహ్నం ఒంటరిగా వాగుకు వెళ్లి, మోకాళ్లూని, నొసలు నీటికి తగిలేలా వంగి మొక్కింది. ఆమె లేచింది గాని, నీటిలోని ఆమె నీడ లేవలేదు. వంగినచోటనే ఉండి, చెయ్యి చాచి, పునాదిరాయి మీద వేలు ఆనించింది. లింగాలు ఆ వేలు ఆనిన చోటు బాగా చూసుకునే ఇంటికి వచ్చింది.

"గోడ అడుగున వేలెడు కంత వదులు," అంది మగనితో.

"నీళ్లాపే గోడకు కంతా! తోటి రాతిపని కాసెవాళ్లు నా మొహాన ఉమ్మేస్తారే."

"ఉమ్మనీ. తుడుచుకోడానికి మొహమన్నా మిగుల్తుంది."

కంత వదిలిన గోడ నిలిచింది. వానలకు నీరు గోడ అంచుదాకా ఎక్కినా, అడుగున సన్నని ధార పారుతున్నంతసేపూ ఒక్క రాయి కదలలేదు. చూడవచ్చిన దొర ఆ ధారను చూసి, అక్కడే ఉన్న లింగాలు మీద మండిపడ్డాడు.

"నా సెలవు లేకుండా నా నీళ్లు పోతున్నాయా? ముందు ఈ కంత మూస్తా, తర్వాత నీ మగడి సంగతి చూస్తా," అని, వంగడం నామోషీ గనక, కాలి బొటనవేలు అందులో దూర్చాడు.

ధార ఆగింది. వాగంతా సద్దుమణిగింది. వేలు మాత్రం వెనక్కి రాలేదు.

"వంగి మొక్కు సామీ, వదుల్తుంది," అంది లింగాలు.

"నీళ్లకా? నేనా?"

నీరు తొందరపడలేదు. గోడ రాళ్లలోంచి చెమటలా ఊరి, మడమను, మోకాలిని, నడుమును ఒక్కొక్కటిగా తడుపుతూ పైకి పాకింది. భటులు పట్టి లాగబోతే వాళ్ల చేతులకు చల్లని రాయి తగిలింది. ఆ రాతివేలి పక్కనుంచి ధార మళ్లీ మొదలైంది.

నాటినుండి ఆ ఊరు వేలిధార అయింది. అక్కడి కాసెవాళ్లు నేటికీ ఏ గోడకైనా అడుగున వేలెడు కంత వదలనిదే పైవరుస ఎత్తరు. భక్తులు మోకాళ్లూని ధార తీర్థం దోసిట పుచ్చుకుంటారు. అప్పుడు మాత్రం గోడ కింద ధార నిలిచిన మడుగులోకి చూడవద్దని పెద్దలు ముందే చెబుతారు. ఒడ్డున ఆ మనిషెత్తు రాయి నిటారుగానే ఉంటుంది. నీటిలో దాని నీడ, చేతులు జోడించి, వంగి ఉంటుంది.