తొలి దోసిలి

వెనకటికి సింగవరం రాజ్యాన్ని గజకేసరి అనే రాజు ఏలేవాడు. తనంతటివాడు లేడని ఆయన నమ్మకం. కాదనడానికి సభలో ఎవరికీ నోరు లేచేది కాదు.

చనిపోయిన తల్లి పేరు నిలబెట్టాలని ఆయన నగరం నడిబొడ్డున పాలరాతి జలయంత్రం కట్టించాడు. రాతి తామరపువ్వులోంచి నీళ్లు మనిషెత్తు ఎగిసేవి. చూడముచ్చటగానే ఉండేది, అబద్ధమెందుకు! కానీ ఆ నీళ్ల కోసం సాలెవీధికి పారే వాగును మళ్లించారు. అక్కడి బావులు అడుగంటాయి. పిల్లలు బురదనీళ్లు తాగి రోగాలతో రాలిపోయారు. అయినా జలయంత్రం నీళ్లు ముట్టినవాళ్లకు చెయ్యి నరికే శిక్ష పెట్టాడు ఆ మహానుభావుడు.

ఒకనాడు మాచమ్మ అనే సాలె ఇల్లాలు, జ్వరంతో ఉన్న కూతురిని ఎత్తుకొచ్చి, అక్కడ దోసిలి పట్టి తాగిస్తూ భటులకు దొరికిపోయింది. మర్నాడు ఆమెను సభలో నిలబెట్టారు. జలయంత్రం చరిత్రను శిలమీద చెక్కించాలని, రాజు ఆస్థానకవి తిప్పనను కూడా అప్పుడే పిలిపించాడు.

“చరిత్ర రాశావా?”

“ఒక్క వాక్యం తక్కువైంది ప్రభూ. మన ఆచారం తమకు తెలియనిదా? ఎవరి పేరున నీళ్లు వదిలితే వారికి ఆ పుణ్యం తొలి దోసిలి పట్టిన చేతి మీదుగా చేరుతుంది. అందుకే కట్టించినవారే వంగి ఆ దోసిట్లో నీళ్లు పోస్తారు. తమరు పోయలేదు.”

“సాలెవాళ్ల ముందు నేను వంగాలా?”

“అక్కర్లేదు ప్రభూ. ఈమె తనంతట తానే పట్టింది. ఇంతవరకు ఆ నీళ్లు ఒక గొంతు తడిపిన చెయ్యి ఇదొక్కటే. తల్లిగారికి పుణ్యం చేరాలన్నా దీని మీదుగానే చేరాలి. నరికించండి. ‘తల్లి పుణ్యాన్ని కొడుకే నరికించెను’ అని చెక్కిస్తాను.”

రాజు కళ్లెర్రజేశాడు. ఉన్నట్టుండి పకపకా నవ్వాడు.

“గట్టివాడివే! చెయ్యి వదిలేశాను. నీకేం కావాలో కోరుకో.”

“సాలెవీధి వాగు ప్రభూ.”

“ఇచ్చాను!” రాజు ఇంకా నవ్వుతూనే మాచమ్మ వైపు తిరిగాడు. “వెళ్లు, నీ కూతురికి కడుపునిండా తాగించు.”

“అది రాత్రే పోయింది దొరా” అంది మాచమ్మ. “చిన్నది ఉంది. దానికి తాగిస్తాను.”

రాజు నవ్వు ఆగిపోయింది. ఆ సాయంత్రమే వాగు సాలెవీధికి మళ్లింది, జలయంత్రం ఎండిపోయింది. చరిత్ర చెక్కించమని రాజు మళ్లీ అడగలేదు.