తెర జారినప్పుడు

ఈ సంగతి మొదట చెప్పింది ఓబులేసు. తోలుబొమ్మలాటలో తెర వెనక దీపం చూసుకునే మనిషి. ఆ రోజు అతను అక్కడున్నాడు. ఇప్పుడు సభల్లో ఇది చెప్పి చప్పట్లు కొట్టించుకునేవాళ్లలో ఒక్కరూ అప్పుడక్కడ లేరు.

అంజినప్ప గురువు మేళంలో హనుమంతుడి బొమ్మను సుంకమ్మ ఆడించేది. శిష్యుడు లోకేశుకు ఆ బొమ్మ మీదే కన్ను. ఐదేళ్లుగా అతని చేతికి హాస్యగాడి బొమ్మ తప్ప ఇంకోటి రాలేదు. సుంకమ్మ ఆటను ఎవరో వీడియో తీసి పెడితే, దాని కింద దొంగపేరుతో రాశాడు: "హనుమంతుడా, చలిజొరం వచ్చినోడా? ముసలమ్మ చేతులు వణుకుతున్నాయి. ఎవరైనా మంచం వేసి పడుకోబెట్టండి."

నలభైమంది నవ్వు బొమ్మలు పెట్టారు.

మూడోనాడు సుంకమ్మ హనుమంతుణ్ణి బుట్టలో పెట్టి తెచ్చి గురువు ముందు దించింది. ఇక ఆడించనంది. లోకేశుకు లోపల సంతోషమే. పైకి మాత్రం, పనిలేనోళ్లు ఏదో రాస్తే నువ్వు పట్టించుకుంటే ఎట్లా అవ్వా అని ఓదార్చాడు.

గురువుకు చదువు రాదు. ఏం రాశారో తనకూ వినిపించమని లోకేశుతో అన్నాడు. ఉత్తగా చదివితే రుచేముంది, హాస్యగాడి నోట పలికించమన్నాడు. కొట్టం తలుపులు మూయించి తెర కట్టించాడు. ఓబులేసు దీపం పెట్టాడు. సుంకమ్మను అవతల, జనం కూర్చునే చోట కూర్చోబెట్టారు.

లోకేశు రెండు చేతులా బొమ్మను పట్టి, గొంతు మార్చి, దాని నడుం తిప్పుతూ అందుకున్నాడు. హాస్యగాడి నోట ఆ మాటలు ఇంకా బాగా పండాయి. ఆ రాత ఉన్న ఫోను పక్కన చాప మీద పడి ఉంది. అతను దానివైపు చూడనే లేదు.

గురువు లేచి, తెరకు గుచ్చిన ముళ్లు ఒక్కొక్కటే పీకాడు. తెర జారింది.

రెండు మూరల దూరంలో సుంకమ్మ. లోకేశు గొంతు ఆగిపోయింది. బొమ్మ నడుం మాత్రం కాసేపు ఊగింది.

గురువు ఫోను తీసి అతని ముందు పెట్టాడు.

"మర్చిపోయినావా? ఇదో, ఈసారి చూసి చెప్పు."



"మంచం మాట మిగిలింది కదా నాయనా," అంది సుంకమ్మ. "అది కూడా అను."

లోకేశు బొమ్మను చాప మీద పడుకోబెట్టాడు. ఆ పూటే ఆ రాత తీసేసి, సొంత పేరుతో తప్పు ఒప్పుకుంటూ రాశాడు. దాన్ని నలభైమంది కూడా చూడలేదు. సుంకమ్మ హనుమంతుడున్న బుట్ట ఎత్తుకుని ఇంటికి పోయింది.

గురువు లోకేశు చెంప పగలగొట్టాడని ఇప్పుడు కొందరు చెబుతున్నారు. ఆయన చెయ్యే ఎత్తలేదు. అది పోనీ. తీసేయకముందే ఆ రాతను ఎవరెవరో ఫోటో తీసి పట్టుకుపోయారు, ఇంకా తిరుగుతోంది. ఎవరి ఫోనుకు వచ్చినా దాని కింద ఈ ముక్క రాయండి: ఆ వీడియోలో ఉన్న ఘట్టంలో హనుమంతుడికి సీతమ్మ మొదటిసారి కనబడుతుంది. వణికింది హనుమంతుడు. సుంకమ్మ చెయ్యి కాదు.